డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు ఉంటే పోలీసు వెరిఫికేషన్‌లో ఏమవుతుంది?

ప్రభుత్వ ఉచిత కోచింగ్, విదేశీ విద్యానిధి లబ్ధిదారులకు, వారి తల్లిదండ్రులకు

మీలో చాలామంది ఊరు వదిలి వచ్చి అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉంటున్నారు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ నోట్సు, సాయంత్రం మళ్లీ చదువు. కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్, రైల్వే, కేంద్ర బలగాలు, ఏ పరీక్షకి చదివినా చివర్లో ఒక మెట్టు అందరికీ ఉమ్మడిగా ఉంటుంది. అదే పోలీసు వెరిఫికేషన్. పూర్వాపరాల విచారణ అని కూడా అంటారు. ఈ మెట్టు గురించి ఏ కోచింగ్‌లోనూ పాఠం చెప్పరు. సిలబస్‌లో లేదు కదా!

అందుకే ఈ పాఠం. విషయం ఒక్కటే: తాగి బండి నడిపిన కేసు, ముఖ్యంగా ఒకటికంటే ఎక్కువసార్లు శిక్ష పడిన కేసు, మీ ఉద్యోగానికి ఎక్కడ, ఎలా అడ్డం పడుతుంది.

"ఫైన్ కట్టేశాను, అయిపోయింది"

ఒక అభ్యర్థిని ఊహించుకోండి. రూమ్మేట్ పుట్టినరోజు. రెండు బీర్లు తాగాడు. బండి మీద అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వస్తుంటే ట్రాఫిక్ పోలీసులు ఆపారు. మెషీన్‌లో ఊదాడు, 30 దాటింది. బండి పక్కన పెట్టించారు, కాగితం చేతికిచ్చారు. తర్వాత కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్లను తీసుకుని రమ్మన్నారు. ఊళ్లో నాన్నకి చెప్పలేక బావని వెంటబెట్టుకుని పోయాడు. కోర్టుకు పిలిచిన రోజు వెళ్లి, తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి బయటపడ్డాడు. హెల్మెట్ చలానా కట్టినట్టే ఇదీ కట్టేశాననుకున్నాడు. ఏడాది తిరిగేలోపు మరోసారి దొరికాడు. మళ్లీ కోర్టు, మళ్లీ జరిమానా.

మూడేళ్లకి కానిస్టేబుల్ రాత పరీక్ష పాసయ్యాడు. 1600 మీటర్లు పరుగెత్తాడు. సర్టిఫికెట్లు చూపించాడు. చేతికి అటెస్టేషన్ ఫారం వచ్చింది. అందులో ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. ఏం రాయాలి?

ఇక్కడే మన పిల్లలు దెబ్బతింటున్నారు. చాలామందికి చలానాకీ, శిక్షకీ తేడా తెలియదు. సిగ్నల్ దాటారు, హెల్మెట్ లేదు, నో పార్కింగ్‌లో పెట్టారు... ఇలాంటి వాటికి వచ్చే ఈ-చలానా ఆన్‌లైన్‌లో కట్టేస్తే అక్కడితో సరి. అది కోర్టు శిక్ష కాదు. డ్రంక్ అండ్ డ్రైవ్ అలా కాదు. అది మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 185 కింద నేరం. కేసు మేజిస్ట్రేటు ముందుకు పోతుంది. మీరు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారంటే, చట్టం దృష్టిలో మీరు నేరం రుజువై శిక్ష పడిన వ్యక్తి. జైలుకి పోలేదు కాబట్టి శిక్ష కాదు అనుకోవడం తప్పు. జరిమానా కూడా శిక్షే.

చట్టం ఏమంటుంది

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. "నాకు ఎక్కలేదు, నేను బాగానే నడిపాను" అనేది జవాబు కాదు, లెక్క మెషీన్‌ది. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి, ఆపైన ఎన్నిసార్లయినా, రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఇవి 2,000, 3,000 ఉండేవి. అంతకుముందు రెండో నేరం మూడేళ్లలోపు జరిగితేనే పెద్ద శిక్ష అని ఉండేది. సవరణతో ఆ మూడేళ్ల మాట పోయింది. కాబట్టి "పాతది కదా, లెక్కలోకి రాదు" అనుకోవద్దు.

ఇంకొకటి, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అదే చట్టంలో సెక్షన్ 22 ఉంది. సెక్షన్ 185 కింద ఒకసారి శిక్ష పడినవాళ్లకి మళ్లీ అదే సెక్షన్ కింద శిక్ష పడితే, కోర్టు ఆ వ్యక్తి డ్రైవింగ్ లైసెన్సును రద్దు చేయాలి. మొదటిసారి సస్పెన్షన్‌తో పోవచ్చు. రెండోసారికి లైసెన్సే పోతుంది. ఆర్టీసీ డ్రైవర్, పోలీసు శాఖలో డ్రైవర్, అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్ పోస్టులకు చదివేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఆ పోస్టులకు లైసెన్సే మొదటి అర్హత. అది లేకపోతే వెరిఫికేషన్ దాకా కూడా పోరు. క్యాబ్, ఆటో నడుపుకుంటూ చదువుకునేవాళ్లకైతే ఆ పూట తిండి కూడా పోయినట్టే.

ఊదమంటే ఊదను అని మొండికేయడం కొందరికి అలవాటు. స్నేహితులు నేర్పుతారు, "ఊదకపోతే కేసే లేదురా" అని. అది తప్పు సలహా. సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే, ఆ నిరాకరణనే మీకు వ్యతిరేకంగా చూడవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. పోలీసులతో తోపులాటకు దిగితే విధులకు ఆటంకం కలిగించిన కేసు వేరే వస్తుంది. వెరిఫికేషన్‌లో అది దీనికంటే బరువు.

మీ హక్కులూ తెలుసుకోండి. సెక్షన్ 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. వెంట తాగని వ్యక్తి లైసెన్సుతో ఉంటే బండిని అతని చేతికి ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. మెషీన్ రీడింగు చీటీ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.

ఫారంలో ఏమడుగుతారు

కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారం చూడండి. ప్రశ్నలు ఇలా ఉంటాయి: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా? నిర్బంధంలో ఉంచారా? ఏ కోర్టు అయినా జరిమానా విధించిందా? ఏదైనా నేరానికి శిక్ష పడిందా? ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉందా? ఒక్కో ప్రశ్నకు విడివిడిగా అవును, కాదు రాయాలి.

"కోర్టు జరిమానా విధించిందా" అనేది వేరే ప్రశ్నగా ఉంది, గమనించారా? "ఫైన్ కట్టేశాను, అయిపోయింది" అనుకున్నవాడు బోల్తాపడేది అక్కడే. శిక్ష అంటే జైలే అనుకుని కింది ప్రశ్నకి "కాదు" అని రాస్తే ఒక తప్పు, జరిమానా ప్రశ్నకి కూడా "కాదు" అని రాస్తే రెండో తప్పు. ఫారం పైనే హెచ్చరిక ఉంటుంది: తప్పు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హత, సర్వీసులో ఉండగా తెలిసినా తొలగింపు.

దాస్తే తెలియదా? ఫారం మీరు రాసిన చిరునామాల పరిధిలోని పోలీసులకు పోతుంది. హైదరాబాద్‌లో అయితే స్పెషల్ బ్రాంచ్ వాళ్లు చూస్తారు. సొంతూరి చిరునామాతో పాటు, మీరు ఉన్న హాస్టల్ చిరునామా కూడా రాయాలి కాబట్టి సిటీలో జరిగిందంతా సిటీలోనే దొరుకుతుంది. కోర్టు కేసులు ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి వెతకవచ్చు. మీరే ఒకసారి వెతికి చూసుకోండి, ఎందుకంటే వాళ్లు చూసేది కూడా అలాంటి రికార్డే.

సుప్రీంకోర్టు గీసిన గీత

ఇలాంటి అభ్యర్థుల కేసులు దేశం నలుమూలల నుంచి సుప్రీంకోర్టుకు పోయాయి. వాటన్నిటినీ కలిపి చూసి 2016లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో కొన్ని సూత్రాలు చెప్పింది. మీకు పనికొచ్చే వరకు మామూలు మాటల్లో చెబుతాం.

ఒకటి, మీరిచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో, నినాదాలు చేయడంలాంటి చిల్లర కేసు ఒకటి దాచినా, అది ఆ ఉద్యోగానికి అడ్డం కానంత చిన్నదైతే అధికారి చూసీచూడనట్టు వదిలేయవచ్చు. వదిలేయవచ్చు అన్నారు గానీ వదిలేయాలి అనలేదు. చిల్లరది కాని కేసులో శిక్షపడి, దాన్ని దాస్తే అభ్యర్థిత్వం రద్దు చేయవచ్చు, ఉద్యోగంలో చేరాక అయితే తీసేయవచ్చు. ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉండి దాస్తే, ఆ దాచడమే పెద్ద విషయంగా చూస్తారు. ఇక అందరూ మర్చిపోయేది: మీరు నిజం చెప్పినా సరే, మీ పూర్వాపరాలు చూసి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే హక్కు ఉద్యోగమిచ్చే వాళ్లకి ఉంటుంది. నిజం చెప్పాను కాబట్టి ఇవ్వాల్సిందే అని పట్టుబట్టలేరు.

అభ్యర్థి పక్షాన కూడా రెండు మాటలున్నాయి. ఫారంలో అడిగినదానికే జవాబు చెప్పాలి; అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. మీకు తెలియని కేసును దాచారనీ అనకూడదు.

2022లో సతీష్ చంద్ర యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలను మళ్లీ విప్పి చెప్పింది. అది సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్ విషయం. యూనిఫాం ఉద్యోగాల్లో నిజాయితీకి ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాలన్నది అందులోని సారం.

మరి రెండు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులుంటే? ఒకసారైతే తప్పటడుగు అని చెప్పుకోవచ్చు. రెండోసారి దొరికితే అధికారి మనసులో పడే ప్రశ్న మారిపోతుంది. "ఇతనొకసారి తప్పు చేశాడా" అని కాదు, "ఇతనికి ఇది అలవాటా" అని. రేపు తుపాకీ ఇవ్వాలి, రాత్రి డ్యూటీ వేయాలి, ఇదే రోడ్డు మీద నిలబెట్టి ఇంకొకరిచేత ఊదించే పని చెప్పాలి. ఆ అధికారి స్థానంలో మీరుంటే ఏం చేస్తారో ఆలోచించండి. మధ్యలో ఎంత కాలం గడిచింది, మెషీన్‌లో అంకె ఎంత, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఆ తర్వాత నడవడిక ఎలా ఉంది, ఏ పోస్టు అనేవి కూడా చూస్తారు. గుమాస్తా పోస్టుకీ, సాయుధ బలగానికీ ఒకే తూకం ఉండదు.

మా మాటగా ఒకటి చెబుతాం. దాచి పట్టుబడ్డ ఒక్క కేసు కంటే, చెప్పుకున్న ఒక్క కేసు మేలు. ఇందులో మాకు సందేహం లేదు. చెప్పుకున్న రెండు కేసులు మాత్రం నిజంగానే కష్టం, మీకు తప్పుడు ధైర్యం చెప్పం.

పంజాగుట్టలో 2016 జూలై 1

ఈ చుట్టుపక్కల పాతవాళ్లని అడిగితే చెబుతారు. పట్టపగలు, తాగి ఉన్న బీటెక్ కుర్రాళ్ల కారు పంజాగుట్ట దగ్గర డివైడర్ దాటి ఎగిరి, ఎదురుగా వస్తున్న ఒక కుటుంబం కారు మీద పడింది. ఆ కుటుంబంలో చిన్నాన్న అక్కడే పోయాడు. బడికి పోయే పాప కొద్దిరోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. ఆ కుర్రాళ్లు మీ వయసువాళ్లే.

ఇలాంటిది జరిగితే అది ఇక సెక్షన్ 185తో ఆగదు. తాగి నడిపి ప్రాణం తీస్తే నిర్లక్ష్యం కాదు, నరహత్య కిందకి రావచ్చని 2012లోనే సుప్రీంకోర్టు అలిస్టర్ ఆంథోనీ పెరీరా కేసులో చెప్పింది. అప్పుడు ఏ ఉద్యోగం అనే ప్రశ్నే ఉండదు. అయినా ఆ పాప సంగతి చెప్పింది మీ ఉద్యోగం కోసం కాదు.

పాస్‌పోర్టు, విమానాశ్రయం, విదేశం

విదేశీ విద్యానిధికి ఎంపికైన వాళ్లకి పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టుల చట్టం 1967, సెక్షన్ 6 ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే 1993 నోటిఫికేషన్ ప్రకారం ఇస్తారు, సాధారణంగా తక్కువ కాలానికి. కాబట్టి కోర్టు తేదీకి పోకుండా వదిలేసిన పాత డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు ఇక్కడ అడ్డం పడుతుంది. అసలు పోకపోతే వారంటు కూడా వస్తుంది. ముగిసిన కేసులో అనర్హత రావాలంటే గత ఐదేళ్లలో, నైతిక పతనంతో కూడిన నేరానికి, రెండేళ్లకు తగ్గని జైలుశిక్ష పడి ఉండాలి. కాబట్టి జరిమానాతో ముగిసిన కేసు వల్లే పాస్‌పోర్టు పోతుందని భయపడనక్కర్లేదు. ఫారంలో అడిగినదానికి నిజం రాయండి, చాలు.

శంషాబాద్ విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్ పనులకు శిక్షణ తీసుకున్నవాళ్లకు ప్రవేశ అనుమతి పాసు కావాలి. దానికీ పూర్వాపరాల తనిఖీ ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ గార్డు పనికీ 2005 చట్టం ప్రకారం అంతే.

అమెరికా పోయినవాళ్ల మాట కూడా ఒకటి. అక్కడ తాగి నడిపినందుకు అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు. అక్కడే పౌరసత్వం తీసుకుని ప్రభుత్వ రహస్య ప్రాజెక్టుల్లో పనిచేసే మనవాళ్లకు సెక్యూరిటీ క్లియరెన్స్ అని ఒకటుంటుంది. 2017 నుంచి అమల్లో ఉన్న వాళ్ల మార్గదర్శకాల్లో మద్యం అనేది ప్రత్యేక అంశం. ఆఫీసు బయట జరిగిన డ్రంక్ డ్రైవింగ్ కూడా అందులోకి వస్తుంది. అయితే తప్పు ఒప్పుకుని, చికిత్స తీసుకుని, తాగుడు మానిన కాలాన్ని కూడా అక్కడ లెక్కలోకి తీసుకుంటారు.

ఉద్యోగంలో చేరాక

వెరిఫికేషన్ దాటేశాం కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. కేంద్ర సర్వీసు రూల్స్‌లో 48 గంటలు దాటి కస్టడీలో ఉన్న ఉద్యోగి సస్పెండ్ అయినట్టే లెక్క. శిక్షగా జైలుకు పోయినా అంతే. అరెస్టయిన సంగతి పైఅధికారికి తనంతట తానే చెప్పాలి.

ఇప్పటికే కేసు ఉంటే

ముందు కాగితాలు. కేసు నంబరు, ఏ ట్రాఫిక్ పోలీసు స్టేషన్, ఏ కోర్టు, తీర్పు తేదీ, జరిమానా రసీదు. రసీదు పోతే కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక పరుగెత్తితే టైం సరిపోదు, ఈ వారమే తెచ్చుకోండి.

కేసు ఇంకా నడుస్తుంటే, తప్పు ఒప్పుకునే ముందు లాయర్‌తో మాట్లాడండి. కోర్టు బయట ఎవరో "ఒప్పేసుకో, గంటలో అయిపోతుంది" అంటారు. గంటలో అయిపోయేది కేసు, దాని మచ్చ కాదు. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 1958 కింద కోర్టును అడిగే వీలుందేమో కూడా లాయర్‌ని అడగండి. లాయర్‌కి డబ్బుల్లేవని ఆగొద్దు. ఎస్సీ, ఎస్టీ వర్గాలవాళ్లకి, మహిళలకి, దివ్యాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా వస్తుంది. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఫారం నింపేటప్పుడు "చిన్న ట్రాఫిక్ కేసు" అని ముక్తసరిగా రాయకండి. ఇలా రాయండి: "అవును. ఫలానా తేదీన పంజాగుట్ట ట్రాఫిక్ పోలీసులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు నమోదు చేశారు. నాంపల్లి కోర్టు ఫలానా నంబరు కేసులో ఫలానా తేదీన ఇంత జరిమానా విధించింది, చెల్లించాను. కాపీలు జతచేశాను." రెండు కేసులుంటే రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే, రాసినదాని వల్ల వచ్చిన నమ్మకం కూడా పోతుంది. ఫారం ఇచ్చాక కొత్త కేసు వస్తే అదీ రాతపూర్వకంగా తెలియజేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లాడు రెండుసార్లు దొరికాడంటే దాన్ని ట్రాఫిక్ సమస్యగా చూడకండి. తిట్టి ఊరుకుంటే మూడోసారి వస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో వ్యసన విముక్తి వైద్యం ఉంది, అమీర్‌పేట నుంచి మెట్రోలో నాలుగు స్టేషన్లు కూడా లేదు. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు; ఆ సిగ్గుకి పోగొట్టుకునేది ఎక్కువ. ఫోన్‌లో అడగాలంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416. ఈ నంబర్లకు డబ్బులు పడవు. చికిత్స తీసుకున్న కాగితాలను దాచిపెట్టండి, రేపు "మారాను" అని చెప్పుకోవడానికి చేతిలో ఉండే ఆధారం అదే.

ఈ పీడీఎఫ్‌ను మీ హాస్టల్ గ్రూపులో పంపండి. అటెస్టేషన్ ఫారం నింపే ముందు సందేహం ఉంటే, మీ స్టడీ సర్కిల్ కార్యాలయానికి ఒరిజినల్ కోర్టు కాగితాలతో రండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోదు.